బండి పక్కకు లాగుతోందా? ఎప్పుడు లాగుతోందో చూడండి

ఎడ్లబండి తోలేవాడికి ఒక సంగతి బాగా తెలుసు. ఎడ్లు రెండూ సమంగానే నడుస్తున్నా బండి మాటిమాటికీ ఒక పక్కకు పోతున్నదంటే అతను ఎద్దును కొట్టడు. దిగి చక్రం చూస్తాడు. ఆ పక్క ఇరుసుకు కందెన ఆరిపోయి చక్రం పట్టేస్తూ వుంటుంది. ఏ పక్క చక్రం పట్టేస్తే బండి ఆ పక్కకే తిరుగుతుంది.

కారున్న పెద్దమనుషులు చాలామంది దిగి చక్రం చూడరు. సరాసరి షెడ్డుకు పోయి, "బండి ఎడమకి లాగుతోందోయ్, ఎలైన్‌మెంటు చెయ్యి" అంటారు. జబ్బు పేరూ మందు పేరూ రోగే చెప్పేస్తే ఇక వైద్యుడికి పనేముంది? మెకానిక్కు చెప్పిన పని చేసి డబ్బు పుచ్చుకుంటాడు. నాలుగు రోజులు పోయాక బండి మళ్ళీ ఎడమకే పోతుంది.

పోయేది డబ్బొక్కటే అయితే ఇంత చెప్పనక్కరలేదు. టైరులో గాలి తగ్గినా బండి లాగుతుంది. బ్రేకు పట్టేసినా లాగుతుంది. మొదటిది రెండు నిమిషాల్లో తీరే పని. రెండోది పిల్లలతో, పెద్దలతో ఘాట్ రోడ్డు దిగుతున్నప్పుడు ప్రాణం మీదికి తెచ్చే పని. స్టీరింగు పట్టుకున్న చేతికి మాత్రం రెండూ ఒకలాగే తెలుస్తాయి. అందుకే "ఏం చెడింది?" అన్న ప్రశ్న తరవాత. "ఎప్పుడు లాగుతోంది?" అన్నది ముందు.

అంతకన్నా ముందు, అసలు అది లాగడమేనా? స్టీరింగు వదులుగా పట్టుకుంటే బండి ప్రతిసారీ ఒకే పక్కకు పోతే అది లాగడం. ఒకసారి అటు, ఒకసారి ఇటు పోతూ, మీరు ఊరికే సర్దుతూ వుండవలసివస్తే అది తడబడడం. స్టీరింగు వంకరగా వున్నా బండి తిన్నగా పోతూ వుంటే అది మరొకటి. అక్కడ ఎలైన్‌మెంటు పని నిజంగానే వుంటుంది. వేగం మీద స్టీరింగు వణికితే చక్రాల బ్యాలెన్సింగు చూడాలి. బ్యాలెన్సింగు వణుకుకు మందే గాని, లాగడానికి కాదు. ఈ రెంటికీ తేడా తెలియక డబ్బు పోసేవారు ఎందరో వున్నారు.

రోడ్డు చేసే మాయ కూడా ఒకటున్నది. వాన నీరు నిలవకుండా రోడ్డును నడుమ ఎత్తుగా, అంచులు పల్లంగా వేస్తారు. మనం ఎడమ పక్కన నడిపేవాళ్ళం కనుక బండి కాస్త ఎడమకు ఒరగడం సహజం. దానికి షెడ్డుకు పోనక్కరలేదు. అదే బండి ఆ వాలుకు ఎదురుగా కుడికి లాగుతున్నదంటే మాత్రం లోపం వున్నదనే అనుకోవాలి.

పరీక్షకు తెల్లవారుజామున, జనం లేని సమతలమైన రోడ్డు చూసుకోండి. జాతీయ రహదారి పనికిరాదు. గంటకు 40 కిలోమీటర్ల వేగం చాలు. స్టీరింగును వేళ్ళతో తేలికగా పట్టుకోండి. చేతులు పూర్తిగా ఎన్నడూ వదలవద్దు. ఈ మధ్య వచ్చిన కొన్ని కార్లలో గీత దాటకుండా స్టీరింగును తనంతట తాను తిప్పే ఏర్పాటు వుంటుంది. దాన్ని ఆపివేసి చూడండి. లేకపోతే అది చేసే పని కూడా రోగంలాగే కనిపిస్తుంది.

మొదటి రకం: బండి ఎప్పుడూ లాగుతూనే వుంటుంది. ముందు గాలి చూడాలి. డ్రైవరు పక్క తలుపు తెరిస్తే చాలా కార్లకు లోపలి అంచున ఒక చీటీ అంటించి వుంటుంది; ఎంత గాలి వుండాలో దానిమీద వుంటుంది. చిన్న కార్లకు సాధారణంగా 30 పౌండ్లకు అటూ ఇటూ. పొద్దున్నే, బండి కదలకముందు, టైరు చల్లగా వున్నప్పుడు కొలవాలి. సొంత గేజి ఒకటి కొని ఇంట్లో పెట్టుకోవడం మేలు. గాలి తక్కువైన ముందు టైరు వైపుకే బండి పోతుంది.

గాలి సమంగా వున్నా లాగితే ముందు టైర్లు రెంటినీ అటుదిటు, ఇటుదటు మార్పించండి. లాగుడు రెండో పక్కకు మారినా, పోయినా దోషం టైరుది; ఎలైన్‌మెంటుది కాదు. మారకుండా అదే పక్కకు లాగితే టైరు నిర్దోషి అనుకుని ముందుకు పోవచ్చు. పంక్చరు వేసేవాడు చేయగల ఈ చిన్న పని ఎంతో అనవసరపు ఖర్చును తప్పిస్తుంది. రెండు జాగ్రత్తలు: తిరిగే దిక్కు చూపే బాణం గుర్తున్న టైర్లను ఇలా మార్చకూడదు, పక్కన బుడిపె లేచిన టైరును మార్చి చూడడం కాదు, వెంటనే తీసిపారేయాలి. ముందు ఒక పక్క కొత్త టైరు, రెండో పక్క అరిగినది వున్నా బండి లాగవచ్చు. కొంటే జతగా కొనాలి.

టైరు కాదని తేలితే బ్రేకు పట్టేస్తున్నదేమో చూడండి. బ్రేకు ఎక్కువ వాడకుండా కొంతదూరం పోయి, ఆగి, నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి, ముట్టుకోవద్దు, కాలుతుంది. ఒక్క చక్రం మిగతావాటికన్నా బాగా వేడిగా వుంటే, మాడు వాసన వస్తే, బ్రేకు వదలడం లేదన్నమాట. మన ఎడ్లబండి ఇరుసు సంగతే ఇది.

రెండో రకం: బ్రేకు తొక్కినప్పుడే లాగుతుంది. ఎడమకి లాగితే ఎడమ బ్రేకు చెడిందని అనుకుంటాం. నిజం తరచు తలకిందులుగా వుంటుంది. ఎడమ బ్రేకు బాగా పట్టుకుంటున్నది. కుడిది పట్టుకోవడం లేదు. నూనె అంటో, పిస్టను బిగుసుకునో, గొట్టం లోపల మూసుకుపోయో కుడివైపు బలం తగ్గి వుంటుంది. బ్రేకు నూనె మట్టం కూడా తగ్గి వుంటే ఎక్కడో కారుతున్నదని అర్థం. ఆ బండిని మరమ్మతు కాకుండా ఊరికి తీసుకుపోవద్దు.

మూడో రకం: ఏక్సిలరేటరు తొక్కినప్పుడు ఒక పక్కకు, వదిలితే రెండో పక్కకు. 1983లో మారుతీ 800 వచ్చినప్పటినుంచి మన చిన్న కార్లలో చాలావాటికి ఇంజను బలం ముందు చక్రాలకే అందుతుంది. అలాంటి బండిలో కింది ఆర్ముల బుష్షులు అరిగితే తొక్కినప్పుడొక రకంగా, వదిలినప్పుడొక రకంగా చక్రం కదులుతుంది.

ఇక తడబడే బండి. ముందు డిక్కీలో, పైన కారియరు మీద సామానెంత వున్నదో చూసుకోండి. వెనక బరువెక్కువైతే ముందు చక్రాలు తేలికై పట్టు తప్పుతాయి. పైన ఎత్తుగా కట్టిన సామానును పక్కగాలి కొడితే బండి వూగుతుంది. బరువు లేకపోయినా తడబడితే, బండిని సమతలాన ఆపి, హాండుబ్రేకు వేసి, గేరు న్యూట్రల్లో పెట్టి, ఇంజను నడుస్తుండగా ఒకరు స్టీరింగును కొద్దికొద్దిగా కదపాలి. ఇంకొకరు పక్కన దూరంగా నిలబడి ముందు చక్రం ఎప్పుడు కదులుతుందో చూడాలి. స్టీరింగు చాలా కదిలాక గాని చక్రం కదలకపోతే టై రాడ్ ఎండ్లు గాని, స్టీరింగు భాగాలు గాని అరిగాయన్నమాట. బాల్ జాయింట్లు, చక్రాల బేరింగులు షెడ్డులో జాకీ ఎత్తి చూడవలసినవి. 2014లో తయారీ ఆగిన అంబాసిడరును ఇంకా ప్రేమగా వుంచుకున్న ఇళ్ళవారు వెనక కమాన్ల యూ బోల్టులు వదులయ్యాయేమో కూడా చూపించాలి. వెనక ఇరుసు కదిలినా ముందు స్టీరింగే చెడినట్టు తోస్తుంది.

ఇవన్నీ అయిన తరవాతే ఎలైన్‌మెంటు. చక్రం నిలువుగా నిలబడిందా ఒరిగిందా, స్టీరింగు తిరిగే ఇరుసు ముందువెనకలకు ఎంత వాలింది, రెండు చక్రాల ముక్కులు లోపలికా బయటికా — ఈ మూడు కోణాలనే యంత్రం కొలుస్తుంది. మొదటి రెండూ రెండు పక్కలా తేడాగా వుంటే బండి లాగుతుంది. మూడోది చెడితే లాగడం కన్నా టైర్లు తొందరగా అరగడం, బండి తడబడడం ఎక్కువ. అరిగిన బుష్షులు, జాయింట్లు మార్చకుండా కోణాలు దిద్దించడం, కదిలే స్తంభానికి గోడ కట్టించడం వంటిది. దిద్దకముందు, దిద్దిన తరవాత కొలతలు రెండూ అచ్చువేసి ఇమ్మని అడగండి. విద్యుత్తు స్టీరింగున్న కార్లలో దాని నడిమి స్థానాన్ని కూడా యంత్రంతో సరిచేయవలసి రావచ్చు.

కాబట్టి ఈసారి షెడ్డుకు పోయినప్పుడు మందు పేరు చెప్పకండి, లక్షణం చెప్పండి: "సమతలం మీద ఎడమకి లాగుతోంది. బ్రేకు తొక్కినా తొక్కకపోయినా ఒకటే. గాలి సరిగ్గా వుంది. టైర్లు మార్చి చూశాం, మారలేదు. చక్రాలేవీ వేడెక్కడం లేదు." ఇంత చెప్పినవారికి అక్కరలేని పని అంటగట్టడం అంత తేలిక కాదు, మంచి మెకానిక్కుకైతే సగం పని తప్పించినట్టే.

ఒక్క సందర్భంలో మాత్రం పరీక్షలు వద్దు. బాగా పోతున్న బండి వున్నట్టుండి ఒక పక్కకు లాగిందంటే టైరు పోయిందనే అనుకోండి. స్టీరింగు గట్టిగా పట్టుకుని, బ్రేకు ఒక్కసారిగా తొక్కకుండా, ఏక్సిలరేటరు మెల్లగా వదిలి, వేగం తగ్గాక పక్కకు తీసి ఆపండి. ముందు అందరినీ రోడ్డు అంచుకు దూరంగా దింపండి. చక్రం సంగతి తరవాత చూసుకోవచ్చు.