తడి ధాన్యం మీద పొడి ధాన్యం



ఈసారి ఎలక్షన్ల గురించి కాదు, వక్ఫ్ గురించి కాదు. ఫోటోల గురించి. నవ్వకండి. ఒక కారిగర్ పన్నెండు రోజుల మెహనత్‌ను మనం ఒక్క వేలితో ఎట్లా ఖరాబు చేస్తున్నామో చెప్తాను. గునాహ్ చేసిన వాళ్లలో మొదటివాణ్ణి నేనే కాబట్టి ఎవరూ కోపం తెచ్చుకోవద్దు.

కడపలో మా మామూ ఉన్నారు, అమ్మీకి తమ్ముడు. ముప్పై ఏళ్లు బోర్డులు రాశారు. దుకాణం పేరు ఉర్దూలో, తెలుగులో, ఇంగ్లీషులో, మూడు లిపుల్లోనూ ఒకే చేత్తో. ఫ్లెక్సీ వచ్చింది, బ్రష్ మూలన పడింది. ఇప్పుడు ఇంట్లో కూర్చుని చిన్న చిన్న నమూనాలు చేస్తారు. కర్నూలు కొండారెడ్డి బురుజు, హంద్రీ ఒడ్డున ఉండే గోల్ గుమ్మజ్, మన చిన్నప్పటి జట్కా బండి. అన్నీ జానెడు ఎత్తుకు మించవు. చెక్క ముక్కలు, రంపపు పొట్టు, చింతగింజల జిగురు. కొండపల్లి బొమ్మలవాళ్లు తెల్లపొణికి చెక్క మీద వాడే మక్కు ఇదే గదా, ఆ హునర్ చూసి నేర్చుకున్నారు. ప్రాణుల బొమ్మలు చేయరు. ఆ మసలా ఉలమాలకు వదిలేద్దాం, ఇక్కడ మాట్లాడేది ఇటుకలు, కంగూరాలు, చక్రాల గురించే.

మొదట్లో ఫోటోలు మామూ కొడుకు తీసేవాడు. రాత్రి ఇషా తర్వాత, ట్యూబ్‌లైట్ కింద, పూల దుప్పటి మీద పెట్టి, పైనుంచి ఫ్లాష్ కొట్టి. బురుజు అగ్గిపెట్టె మాదిరి కనిపించేది. వార్నిష్ మీద తెల్లటి మరక, వెనకాల నీళ్ల క్యాన్, పక్కన ఎవరిదో చెప్పు. ఆ ఫోటో చూసి ఒకాయన నాలుగు వందలు ఇస్తానన్నాడు. పన్నెండు రోజుల పనికి. ఆయన తప్పేం లేదు, ఆయనకు కనిపించింది అంతే.

అప్పుడు నేను దిగాను. జర్నలిస్టును గదా, నాకు అన్నీ తెలుసు అనుకున్నా. సాయంత్రం ఎండలో తీసి, ఫోన్‌లో ఒక ఫిల్టర్ వేసి, రంగులు లాగి లాగి పెంచాను. బురుజు రాయి బంగారంలా మెరిసింది. కువైట్‌లో ఉండే మనవాడొకడు చూసి వెంటనే అడ్వాన్స్ పంపాడు. సెలవులో వచ్చి చేతిలోకి తీసుకున్నాడు. కిటికీ దగ్గర అటూ ఇటూ తిప్పి చూశాడు. "భాయ్, ఫోటోలో ఉన్నది ఇది కాదే" అన్నాడు. మామూ ఒక్క మాట వాదించలేదు. లోపలికెళ్లి పైసలు తెచ్చి ఆయన చేతిలో పెట్టారు. తర్వాత నా వైపు చూసి మెల్లగా అన్నారు: "మై పత్థర్ కా రంగ్ లగాయా బేటా, తుమ్ సోనే కా లగాయే."

ఆ రంగు కోసం ఆయన కర్నూలుకు బస్సులో వచ్చి, బురుజు కింద నిలబడి, అట్ట ముక్క మీద నాలుగు రకాలు కలిపి చూసుకుని పోయారు. దుమ్ము పట్టిన రాయి, వానకు నల్లబడిన అంచు. అదంతా నేను ఒక్క వేలితో చెరిపేశాను.

రసూలుల్లాహ్ సల్లల్లాహు అలైహి వసల్లం బజారులో ధాన్యపు రాశిలో చెయ్యి పెట్టిన హదీసు మనందరికీ తెలుసు. పైన పొడిగా ఉంది, లోపల వేళ్లకు తడి తగిలింది. వాన పడిందని వ్యాపారి చెప్పుకున్నాడు. తడిసిందాన్ని జనం చూసేలా పైన ఎందుకు పెట్టలేదని అడిగారు, దగా చేసేవాడు మనవాడు కాదన్నారు. జుమా ఖుత్బాలో ఎన్నిసార్లు విన్నాం! బియ్యానికీ పప్పుకీ వర్తింపజేస్తాం. ఫోన్‌లో వేలు ఆడించేటప్పుడు గుర్తు రాదు. ఫిల్టర్ అంటే ఏమిటి జనాబ్? తడి ధాన్యం మీద పొడి ధాన్యం పరచడం కాదా?

దీనికి నాకు మూడు జవాబులు వస్తాయి. మూడూ విన్నాను.

మొదటిది: "పనిలో దమ్ముంటే ఫోటోతో పనేంటి?" ఇది పెద్దల మాట. ఒకప్పుడు కరెక్టే. గిరాకీ దుకాణానికి వచ్చి చేత్తో పట్టుకుని చూసేవాడు. ఇప్పుడు గిరాకీ హైదరాబాదులోనో కువైట్‌లోనో ఉన్నాడు. ఆయనకు చెయ్యీ కన్నూ రెండూ మన ఫోటోనే. పూల దుప్పటి మీద ఫ్లాష్ కొట్టిన ఫోటో కూడా అబద్ధమే. ఫిల్టర్ కొనేవాడి మీద దగా, చెడ్డ ఫోటో చేసేవాడి మీద జుల్మ్. రెండోదాన్ని సాదాగీ అని పిలిచి పుణ్యం కట్టుకోవద్దు.

రెండోది: "మంచి కెమెరా కొనే స్థోమత మాకేది?" అక్కర్లేదు. బస్రాలో 965లో పుట్టిన ఇబ్న్ అల్-హైథమ్ 'కితాబుల్ మనాజిర్'లో తేల్చిందేమిటి? కంటి నుంచి కిరణాలు బయటికి పోవు, వస్తువు నుంచి రోష్నీ కంట్లోకి వస్తుంది. ఫోటోకూ అంతే. కావాల్సింది మంచి వెలుతురు. రాయలసీమలో వెలుతురుకు కరువు లేదు, ఎక్కువై కొడుతుంది. మధ్యాహ్నపు ఎండలో పెడితే ఒకవైపు తెల్లగా కాలిపోతుంది, ఇంకోవైపు నల్లగా మునుగుతుంది. ఉత్తరం కిటికీ దగ్గర పెట్టండి. ఎండ నేరుగా పడే కిటికీ అయితే బటర్ పేపరో, తెల్ల మల్‌మల్ దుపట్టానో అడ్డం కట్టండి. కిటికీకి ఎదురు పక్కన ఒక తెల్ల అట్ట నిలబెట్టండి, నీడ మెత్తబడుతుంది. ఇంట్లో ట్యూబ్‌లైట్, బల్బు ఆర్పేయండి. రెండు రకాల వెలుతురు కలిస్తే ఏ రంగూ నిలకడగా ఉండదు.

అడుగున పూల దుప్పటి కాదు, కడప బండ పెట్టండి. మన ఊరి నల్ల నాపరాయి! మనం కాళ్ల కింద తొక్కుతున్నాం, దానికంటే మంచి నేల ఫోటోకు దొరకదు. పాలిష్ పెట్టనిదైతే మెరుపూ ఉండదు. ఒక్క జాగ్రత్త: నేల నల్లగా ఉంటే ఫోన్ మొత్తాన్ని తెల్లగా చేయాలని చూస్తుంది. తెర మీద నమూనాను నొక్కి పట్టుకుని వెలుతురు కొంచెం తగ్గించండి.

ఫోన్‌ను పైనుంచి వంచకండి. బురుజు ముందు చీమంత మనిషి నిలబడితే అతని కన్ను ఎంత ఎత్తులో ఉంటుందో, లెన్సు అంత కిందికి దించండి. అప్పుడు జానెడు బురుజు బురుజులా కనిపిస్తుంది. మరీ దగ్గరికి పోవద్దు, ముందుభాగం ఉబ్బుతుంది, వెనకభాగం మసకబారుతుంది. రెండడుగులు వెనక్కి జరిగి 2ఎక్స్ లెన్సు ఉంటే అది వాడండి, లేకపోతే తర్వాత కత్తిరించుకోండి. ఫోన్‌ను పుస్తకాల దొంతరకు ఆనించి రెండు సెకన్ల టైమర్ పెట్టండి, చెయ్యి వణకదు. వార్నిష్ మీద మరక మెరిస్తే నమూనాను కొంచెం తిప్పండి. పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి ఇంకో ఫోటో తీయండి, సైజు గురించి రేపు తకరార్ ఉండదు.

మూడో జవాబు గట్టిది, చదువుకున్న పిల్లలది: "అంకుల్, ఫోనే ప్రతి ఫోటోనూ ఎడిట్ చేస్తుంది. అసలు ఫోటో అనేదే లేదు. మరి గీత ఎక్కడ గీస్తారు?" మంచి సవాల్. ఫోన్ దిద్దుతుంది, నిజమే. రంగు తప్పుగా పడితే మనం దిద్దకుండా వదలడం కూడా అబద్ధమే. అందుకే ఎడిట్ వద్దని నేననను. గీత ఎక్కడంటే, ఆ కువైట్ భాయ్ చేసిన పనిలోనే ఉంది. కొన్నవాడు వస్తువును కిటికీ దగ్గర పట్టుకుని ఫోటో పక్కన పెట్టి చూస్తే, "హౌ, ఇదే" అనాలి. ఆ మాట దగ్గరికి తీసుకెళ్లే దిద్దుబాటు హలాల్, దూరం తీసుకెళ్లేది ఫరేబ్.

ఆ లెక్కన చూడండి. స్నాప్‌సీడ్ ఉచితమే. మొదటి ఫోటోలో నమూనా పక్కన తెల్ల కాగితం పెట్టి తీయండి. వైట్ బ్యాలెన్స్‌లో డ్రాపర్‌ను ఆ కాగితం మీద పెడితే పసుపూ పచ్చా పోయి రంగులు దారికొస్తాయి. ఇది జాయెజ్. కత్తిరించడం, వంకర సరిచేయడం, వెలుతురు సరిపెట్టడం, నీడలో ఉన్న వివరం కొంచెం తేల్చడం జాయెజ్. బండ మీది దుమ్ము చుక్కను హీలింగ్‌తో తీసేయడం కూడా సరే, ఎందుకంటే ఆ దుమ్ము అమ్మే సరుకు కాదు. కానీ అదే హీలింగ్‌తో కంగూరా మీది పగులు తీసేస్తే? అది తడి ధాన్యమే. సాచురేషన్‌ను ముట్టుకోవద్దు. హెచ్‌డీఆర్ స్కేప్ జోలికి వెళ్లొద్దు. ఎడిట్ చేసేటప్పుడు వస్తువు మీ ఎదురుగానే ఉండాలి, జ్ఞాపకంతో రంగు దిద్దకండి, జ్ఞాపకం ఎప్పుడూ ఎక్కువ చేసే చూపిస్తుంది. పంపేటప్పుడు వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపండి, లేకపోతే అది పిండేసి పంపుతుంది.

"అందంగా చూపిస్తే నష్టమేంటి, పని నిజంగా అందమైనదే గదా" అంటారు. మా వృత్తిలో జరిగింది చెప్తాను. 2006లో లెబనాన్ మీద ఇజ్రాయెల్ బాంబులు వేస్తున్నప్పుడు, బైరూత్ ఫోటోలో పొగను కంప్యూటర్‌లో కాపీ కొట్టి ఎక్కువ చేసి చూపించాడొక ఫోటోగ్రాఫర్. పొగ నిజంగానే ఉంది. ఇళ్లు నిజంగానే కూలాయి. అబద్ధం బయటపడ్డాక రాయిటర్స్ ఆయనవి 920 ఫోటోలు అమ్మకం నుంచి తీసేసింది. అక్కడ ఏమీ జరగలేదని చెప్పుకునేవాళ్లకు ఆ ఒక్క పొగ చాలింది. మన మీద అనుమానపు చూపు ముందే ఉన్న జమానా ఇది. నిజంగా బాగున్న పనికి అబద్ధపు రంగు పూసి, ఆ పనినే అనుమానంలో పడేయడం ఎవరికి ఫాయిదా?

కర్నూలు నవాబుల కాలంలో ఇక్కడ దక్కనీ చిత్రకారులు అరచేతి కాగితం మీద ఒక్కో వెంట్రుక గీశారు. వాళ్లలో ఎంతమంది పేర్లు మనకు తెలుసు? కారిగర్ పేరు మిగలకపోవడం మనకు పాత ఆదత్. ఇప్పుడు ప్రతి జేబులో కెమెరా ఉండి కూడా మన ఇళ్లలో జర్దోజీ కుట్టే ఖాలా, చెక్క పని చేసే చాచా, మా మామూలాంటి పెయింటరు అట్లాగే పోతే, అది గరీబీ కాదు, మన బద్ధకం.

పోయిన వారం కడప వెళ్లాను. మామూ కొత్త బురుజు చేశారు. బండ మీద, ఉత్తరం కిటికీ దగ్గర, బల్బు ఆర్పి, ఇద్దరం కలిసి తీశాం. ఎడిట్ చేస్తుంటే ఆయన బురుజును నా ఫోన్ పక్కన పట్టుకుని కూర్చున్నారు. "ఇంకొంచెం తగ్గించు, నా రాయి అంత తెలుపు కాదు" అంటూ. ఎడమవైపు కంగూరా మీద సన్నటి పగులుంది. దాన్ని దగ్గరగా విడిగా తీసి, కింద ఆయన పేరు, ధర, "ఎడమ కంగూరా మీద వెంట్రుక వాసి పగులు ఉంది" అని రాసి, మొదట ఆ కువైట్ భాయ్‌కే పంపాను, మాఫీ అడుగుతూ.

ఇది రాసే సమయానికి జవాబు రాలేదు. వచ్చినా రాకపోయినా ధర తగ్గించేది లేదని మామూ అన్నారు. మీ ఇంట్లో కూడా ఇట్లాంటి చెయ్యి ఒకటి ఉంటుంది. ఈ జుమా తర్వాత వాళ్ల దగ్గరికెళ్లి, కిటికీ తెరిచి, పక్కన కూర్చోండి.

వస్సలాం.