వేసవిలో అడవి ట్రయల్‌కి వెళ్తున్నారా? ఫోన్‌ని హ్యాండిల్‌బార్ మీద నుంచి తీసేయండి

ఎండలు ముదిరితే చాలు, హైదరాబాద్ సైక్లింగ్ గ్రూపుల్లో ఒకటే మాట: "రోడ్డు వద్దు బ్రో, అనంతగిరి పోదాం, అక్కడ నీడ ఉంటది." వికారాబాద్ పక్కనున్న ఆ అడవిలో మౌంటెన్ బైక్ తొక్కడం నాకూ ఇష్టమే. కానీ నీడ ఉంది కదా అని హ్యాండిల్‌బార్‌కి ఫోన్ బిగించి, స్క్రీన్ ఆన్‌లో పెట్టి స్ట్రావా నడపడం మాత్రం శుద్ధ దండగ పని అని నా అభిప్రాయం.

ముందు ఆ నీడ సంగతి చూద్దాం. వాతావరణ శాఖ 42 డిగ్రీలు అని చెప్తే అది ఎండలో కొలిచింది కాదు. గాలి ఆడే తెల్ల పెట్టెలో, అంటే నీడలో పెట్టిన థర్మామీటర్ లెక్క అది. ఐఫోన్ వాడటానికి యాపిల్ చెప్పే పరిధి 0 నుంచి 35 డిగ్రీలు. చెట్ల కింద మూడు నాలుగు డిగ్రీలు తగ్గినా మధ్యాహ్నానికి ఆ గీత దాటేసినట్టే. పైగా మనవి ఆకురాల్చే అడవులు, వేసవి మొదట్లో చాలా చెట్లు బోడిగానే ఉంటాయి. ఎక్కుడు దారిలో నడక కంటే కాస్త ఎక్కువ వేగం, ఫోన్‌కి తగిలే గాలే ఉండదు. వేడెక్కగానే ఫోన్ తనంతట తానే బ్రైట్‌నెస్ తగ్గించేస్తుంది. సరిగ్గా ఎండ మచ్చలోకి వచ్చినప్పుడే మ్యాప్ కనబడదు!

కుదుపుల సంగతి వేరే. మోటార్‌సైకిల్ ఇంజిన్ల వైబ్రేషన్‌కి కెమెరా ఓఐఎస్, ఆటోఫోకస్ దెబ్బతినొచ్చని యాపిల్ 2021లోనే హెచ్చరించింది. సైకిల్ కుదుపు అదే రకం కాదు, నిజమే. అయినా లక్ష రూపాయల ఫోన్‌తో రాళ్ల మీద ఆ ప్రయోగం నేను చెయ్యను.

అసలు విషయం ఇంకోటి. రాయి మీద టైరు జారి భుజం విరిగిందనుకోండి, 112కి కాల్ చెయ్యాల్సింది ఆ ఫోనే. లోయలో సిగ్నల్ అంతంతమాత్రం. టవర్ కోసం వెతికి వెతికి, స్క్రీన్ వెలిగి వెలిగి అప్పటికే బ్యాటరీ 8 శాతానికి వచ్చి ఉంటే? ట్రయల్ మీద ఫోన్ పని రైడ్ రికార్డ్ చెయ్యడం కాదు, ఆ ఒక్క కాల్‌కి బతికుండటం.

కాబట్టి మ్యాప్ ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి. ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి, స్క్రీన్ ఆపి, బ్యాగ్ బయటి అరలో వెయ్యండి. జీపీఎస్ సిగ్నల్ అందుకోవడమే కానీ పంపేది ఏమీ ఉండదు, ఆ మోడ్‌లోనూ పనిచేస్తుంది. ఐస్ నీళ్ల బాటిల్ పక్కన మాత్రం పెట్టకండి, చెమ్మ పడుతుంది.

దారి చూసుకోవడానికి చిన్న సైకిల్ కంప్యూటర్ చాలు. వాటిలో చాలావాటి డిస్‌ప్లే ఎండ పడే కొద్దీ ఇంకా బాగా కనబడే రకం, బ్యాక్‌లైట్ అక్కర్లేదు. చెట్లలో ట్రాక్ వంకరలు పోకుండా ఉండాలంటే ఎల్1తో పాటు ఎల్5 కూడా ఉన్నది చూసుకోండి. కాండాలకు తగిలి వచ్చే సిగ్నల్‌ని ఎల్5 బాగా వేరు చేస్తుంది. 2018లో షావోమీ మీ 8తో ఫోన్లలోకి వచ్చిన ఫీచరే ఇది.

ఇక రివ్యూ రాసేవాళ్లకి ఒక రిక్వెస్ట్: ఏసీ గదిలో బెంచ్‌మార్క్‌లు చాలు, ఒక్కసారి మే మధ్యాహ్నం బయట అరగంట నావిగేషన్ నడిపి బ్రైట్‌నెస్ ఎంతకి పడిపోయిందో రాయండి. నేనైతే ముందు ఆ లైనే చదువుతా.