రాయి మసకబారితే శని కాదు, సఖీర్ దుమ్ము

పోస్టు పొడుగుంటది, శుక్రవారం తీరిక చేసుకొని పూర్తిగా చదవండి. ఇది మన వేలికున్న ఉంగరం గురించి, మన జేబు గురించి.

మేము సఖీర్‌లో పనిచేసేటోళ్లం. కార్ల రేసుల సర్క్యూట్ దిక్కు కొందరం, యూనివర్సిటీ దిక్కు కొందరం, ఎగ్జిబిషన్ హాలు దిక్కు కొందరం. టైల్స్, వెల్డింగ్, ఏసీ, క్లీనింగ్, ఏ పని చేసినా మాలో చాలామంది వేళ్లకు రాయి ఉంగరం ఉంటది. ఊరు విడిచేటప్పుడు అమ్మ పెట్టించింది ఒకరిది, వీసా తొందరగా రావాలని జాతకం చూపించి చేయించుకున్నది ఇంకొకరిది. కెంపు, నీలం, పుష్యరాగం, గోమేధికం, పచ్చ. ఏడాది తిరిగేసరికి రాయి మెరుపు పోతది. అమ్మినాయనకు ఫోన్ కొడితే ఒకటే జవాబు: "రాయి నీ మీది దోషమంతా గుంజుకున్నది, దాని శక్తి అయిపోయింది. కొత్తది వేయించుకో." కొత్తదంటే ఎంత? మనకు నెల జీతం, ఒక్కోసారి రెండు నెలల జీతం.

ఈ మాటను మేము ఒప్పుకోం. ఎందుకో చెప్తం.

రాయి గట్టితనానికి 1 నుంచి 10 దాకా ఒక లెక్క ఉంది. వజ్రం 10. కెంపు, నీలం, అసలు పుష్యరాగం 9. పచ్చ ఏడున్నర నుంచి 8. గోమేధికం 7 కంటే కొంచెం ఎక్కువ. పుష్యరాగం పేరు చెప్పి అంటగట్టే సిట్రిన్ 7. గాజు ఐదున్నర. ఇప్పుడు ఇసుక చూడండి. ఇసుకలో ఉండే క్వార్ట్జ్ కూడా 7. సఖీర్‌లో గాలి లేస్తే కంట్లో, ముక్కులో, అన్నం గిన్నెలో ఉండేది అదే. చెయ్యి తుడుచుకున్నప్పుడల్లా, గ్లౌజు తొడిగి తీసినప్పుడల్లా ఆ రవ్వలు రాయి పలకల మీద గీతలు గీస్తయి. పలకల అంచులు అరిగి గుండ్రమైతయి. వెలుగు సూటిగా లోపలికి పోయి తిరిగి రాదు, చెదిరిపోతది. దాన్నే మనం మసక అంటున్నం. శని, రాహువు ఇందులో ఎక్కడా లేరు.

మరి 9 ఉన్న కెంపుకు గీతలెట్ల పడతయి? ఇసుకతో పడవు. కానీ మన గ్రైండర్ డిస్కులో, ఎమరీ పేపర్‌లో ఉండేది చాలావరకు అల్యూమినియం ఆక్సైడ్. కెంపూ, నీలమూ అదే పదార్థం. మన పెద్దలు కురువిందం అన్నది దాన్నే. తన జాతిదే తనను గీకుతది. అందుకే డ్యూటీలో ఉంగరం తీసి పెట్టుకోవాలె. రాయి కోసమే కాదు, తిరిగే మిషన్‌లో ఉంగరం చిక్కితే వేలే పోతది.

ఇక్కడే ఒక ప్రశ్న అడగాలె. గ్రైండర్ ముట్టనోడి "కెంపు" ఉత్త దుమ్ముకే ఆరు నెలల్లో అరిగిపోతే, గ్రహం సంగతి తర్వాత, అది అసలు కెంపేనా? అమ్మినాయన "శక్తి అయిపోయింది" అనేది ఈ ప్రశ్న మన నోటికి రాకుండా ఉండటానికే కావచ్చు.

మసకబారిన రాయికి మందు ఉంది. మెరుగు పెట్టించుకోవడం. ఉంగరంలోంచి రాయి తీస్తరు, లక్కతో పుల్లకు అంటిస్తరు, తిరిగే సాన పళ్లెం మీద ఒక్కో పలకను దాని పాత కోణంలోనే ఆనిస్తరు. కెంపు, నీలాలకు వజ్రపు పొడి, సిట్రిన్ లాంటి వాటికి సీరియం ఆక్సైడ్. చెయ్యి తిరిగినోడైతే గీతలున్న సన్నని పొర మాత్రమే పోతది, రాయి కొత్తదాని లెక్క వెలుగుతది. కొన్ని దుకాణాల్లో ఉంగరాన్ని గుడ్డ చక్రం మీద అటు ఇటు తిప్పి "పాలిష్ అయింది" అంటరు. అది బంగారానికి పాలిష్. రాయి మీది గీత రాయి మీదే ఉంటది.

"సాన పెడితే రాయి శక్తి పోతది" అని ఇంకో మాట పుట్టించిన్రు. అన్నా, భూమిలోంచి తీసిన రాయి పలకలతో పుట్టదు. జైపూర్‌లోనో ఇంకెక్కడో సాన మీద సగానికి పైగా బరువు పోగొట్టుకున్నాకే అది ఉంగరంలోకి వస్తది. బజారులో దొరికే కెంపులు, నీలాల్లో ఎక్కువ శాతం రంగు కోసం 1,000 డిగ్రీలు దాటిన వేడిలో కాల్చినవి. అంత సాన, అంత మంట తట్టుకున్న శక్తి, పై పొర గీకితే పోతదా? పోయేదే అయితే మనకు అమ్మక ముందే పోయింది, మరి పైసలెందుకు తీసుకున్నరు?

ఉన్నోళ్ల రాళ్ల కథ చూడండి. మన కృష్ణా తీరం కొల్లూరు గనిలో దొరికిందని చెప్పే కోహినూరును 1852లో లండన్‌లో మళ్లీ సాన పెట్టిన్రు. మెరుపు చాలలేదని 186 క్యారెట్ల రాయిని 105 క్యారెట్లు చేసిన్రు. కొల్లూరుదే అని చెప్పే ఇంకో నీలి వజ్రం విట్టెల్స్‌బాఖ్. 2008లో లారెన్స్ గ్రాఫ్ అనే వ్యాపారి దాన్ని 1 కోటి 64 లక్షల పౌండ్లకు కొన్నడు. అంచుల మీది పెచ్చులు తీయించి మళ్లీ మెరుగు పెట్టించిండు. 35.56 క్యారెట్లది 31.06 అయింది. చరిత్ర చెరిపేసిన్రని పెద్ద గొడవ జరిగింది. కానీ "దీని శక్తి అయిపోయింది, పారేసి కొత్తది కొనుక్కో" అని గ్రాఫ్‌కు ఎవరూ చెప్పలే. ఆ మాట నూరు దినార్ల జీతగాడికే చెప్తరు.

మెరుగు పెట్టేటోళ్లంతా నిజాయితీపరులని కూడా మేము అనం. అందుకని ఇవి గుర్తుపెట్టుకోండి.

ముందు కడగండి. గోరువెచ్చని నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు కొంచెం, మెత్తని బ్రష్. సగం మసక సబ్బు జిడ్డు, నూనె జిడ్డే. ముత్యం, పగడం మెత్తనివి, వాటిని బ్రష్‌తో రుద్దకండి.

ఇంకా మసకగానే ఉంటే పదింతలు చూపే భూతద్దంలో అంచులు చూపించమనండి. మొబైల్‌లో రాయి ఫోటో తీసుకోండి, లోపల ఉన్న మచ్చలు కనబడేటట్టు. తిరిగొచ్చిన రాయి మీదేనా అని ఆ మచ్చలే చెప్తయి.

రాయిని ఉంగరంలోంచి తీయించి మీ ముందటే తూకం వేయించండి, చీటీ మీద క్యారెట్లలో రాయించండి. క్యారెట్ అంటే 0.2 గ్రాము. పని అయినంక మళ్లీ తూకం. ఉత్త మెరుగుకే బరువు బాగా తగ్గిందంటే లెక్క అడగండి.

పచ్చల పగుళ్లలో నూనె నింపి ఉంటది, చవక కెంపుల్లో గాజు నింపి ఉంటది. మంట తగిలితే, యాసిడ్ తగిలితే అవి పాడైతయి. ముందే చెప్పి చేయించండి.

కూలి రాయి ధర కంటే ఎక్కువైతే మెరుగు కూడా వద్దు. మసకగానే పెట్టుకోండి, అమ్మ ఇచ్చిన ఉంగరానికి మెరుపు తక్కువైతే ప్రేమ తక్కువ కాదు.

విలువైన రాయి అని అనుమానం ఉంటే పరీక్ష చేయించండి. ముత్యాలు, రత్నాలు పరీక్షించే దానాత్ సంస్థ 2017 నుంచి ఈ బహ్రెయిన్‌లోనే ఉంది. 2022 నుంచి జ్యువెలరీ అరేబియా జరుగుతున్నది మన సఖీర్ ఎగ్జిబిషన్ హాలులోనే. అక్కడ కోటీశ్వరుడు కాగితం చూడకుండా రాయి కొనడు. మనమెందుకు ఫోన్‌లో మాట విని కొనాలె?

నమ్మకం వదిలెయ్యమని మేము ఎవరికీ చెప్పం. ఉంగరం పెట్టుకోండి, దండం పెట్టుకోండి. కానీ నమ్మకం వేరు, నమ్మకం మీద చేసే వ్యాపారం వేరు. మెరుగు కూలి ఇస్తే అది సాన ముందు నడుము వంచి కూర్చున్న మనలాంటి కూలోడి చేతికి పోతది. "శక్తి అయిపోయింది" అన్నోడికి ఇస్తే మన పిల్లల ఫీజు పైసలు పోతయి.

ఈసారి ఫోన్‌లో ఎవరన్నా కొత్త రాయి అంటే ఒక్కటే అడగండి: "పాతది ఏం రాయి, కాగితం ఉందా?" ఏం జవాబు వచ్చిందో కింద కామెంట్‌లో రాయండి. మీ క్యాంపు గ్రూపులో షేర్ చేయండి.