దగ్గరితనం గోడ పెట్టిన భిక్ష కాదు

“నల్లజాతి పిల్లలు తమ పేటల్లో, తమ బడుల్లో ఉన్నంతకాలం బాగానే పెరిగారు. అందరినీ కలిపాకే ఆ సమాజం చెదిరిపోయింది.” ఈ మాట ఈమధ్య మన యూనివర్సిటీ సెమినార్లలో తరచూ వింటున్నాను. అన్న పెద్దమనిషి అక్కడితో ఆగడు. “మీ వాడల్లో కూడా అలాంటి ఆత్మీయత ఉండేది కదా!” అంటూ మనవైపు తిరిగి మెచ్చుకోలుగా నవ్వుతాడు. వాడలో పుట్టి, సాంఘిక సంక్షేమ హాస్టల్లో పెరిగి, ఇప్పుడు చరిత్ర పాఠం చెప్పుకుంటున్నవాడిగా ఆ నవ్వుకు జవాబు చెప్పాలని ఇది రాస్తున్నాను.

ఆ మాటలో సగం నిజం ఉంది. నార్త్ కరోలినాలోని కాస్వెల్ కౌంటీలో నల్లపిల్లల బడి మీద వెనెస్సా సిడిల్ వాకర్ అనే నల్లజాతి పరిశోధకురాలు 1996లో ఒక పుస్తకం తెచ్చారు. సర్కారు చిన్నచూపు చూసిన ఆ బడిని తల్లిదండ్రులు తమ డబ్బుతో, తమ కష్టంతో నిలబెట్టుకున్నారని, టీచర్లు పిల్లల ఇళ్లూ కుటుంబాలూ ఎరిగి చదువు చెప్పారని ఆమె ఆధారాలతో చూపించారు. దాన్ని ఎవరం కాదనం. నా తగాదా ఆ ప్రేమతో కాదు, దాన్ని గోడ ఖాతాలో జమ చేసేవాళ్లతో.

వర్జీనియా రాష్ట్రంలో ప్రిన్స్ ఎడ్వర్డ్ కౌంటీ ఉంది. పొగాకు పండే ప్రాంతం. దాని ముఖ్య పట్టణం ఫార్మ్‌విల్. అక్కడ నల్లపిల్లలకు ఉన్న హైస్కూలు ఒక్కటే, రాబర్ట్ రూసా మోటన్ హైస్కూలు. 1939లో 180 మంది కోసం కట్టారు. 1951 నాటికి 450 మంది దాకా చదువుతున్నారు. భవనం చాలడం లేదని అడిగితే స్కూల్ బోర్డు చెక్క షెడ్లు వేసి వాటికి తారు కాగితం చుట్టింది. వాన పడితే కారేవి. చలికాలంలో పొయ్యి పక్కన కూర్చున్నవాళ్లకు చెమట, దూరంగా కూర్చున్నవాళ్లకు వణుకు. జిమ్ లేదు, క్యాంటీన్ లేదు, సైన్స్ ల్యాబ్ లేదు.

బార్బరా రోజ్ జాన్స్‌కు అప్పుడు 16 ఏళ్లు. తల్లి వాషింగ్టన్‌లో ఉద్యోగం చేసేది, తండ్రి పొలం చూసుకునేవాడు. తమ్ముళ్లను, చెల్లెల్ని బడికి తయారుచేసి పంపే పని బార్బరాది. ఒకరోజు ఆ హడావుడిలో తన బస్సు తప్పిపోయి రోడ్డు పక్కన నిలబడింది. తెల్లపిల్లల స్కూల్ బస్సు సగం ఖాళీగా ఆమె ముందు నుంచే వెళ్లిపోయింది. బడి పరిస్థితి గురించి అంతకుముందే సంగీతం టీచర్ ఇనెజ్ డావెన్‌పోర్ట్ దగ్గర ఆమె వాపోతే, అయితే నువ్వే ఏదైనా చెయ్యరాదా అని ఆ టీచర్ అడిగారు.

చేసింది. నమ్మకమైన కొద్దిమందిని కూడగట్టుకుని నెలల తరబడి గుట్టుగా మంతనాలు సాగించింది. 1951 ఏప్రిల్ 23న, మీ పిల్లలు ఊళ్లో గొడవలో ఇరుక్కున్నారని ప్రిన్సిపాల్ బాయ్డ్ జోన్స్‌కు ఒక దొంగ ఫోన్ వెళ్లింది. ఆయన బయటికి పరుగెత్తగానే పిల్లలందరినీ హాల్లోకి పిలిచారు. తెర లేచేసరికి వేదిక మీద బార్బరా! టీచర్లను బయటికి వెళ్లిపొమ్మన్నారు. సమ్మెలో పాలుపంచుకున్నారన్న నింద వాళ్ల మీద పడితే ఉద్యోగాలు ఊడతాయని పిల్లలకు తెలుసు. సమ్మె రెండు వారాలు నడిచింది. ఆ తర్వాత బోర్డు ఆ ప్రిన్సిపాల్ కాంట్రాక్టును పొడిగించలేదు.

ఇక్కడే మన పెద్దమనుషులు చూడని సంగతి ఉంది. ఆ పిల్లలను పెంచింది దగ్గరితనమే. గుట్టు బయటపడకపోవడం, టీచర్ల క్షేమం ఆలోచించడం, పాస్టర్ ఫ్రాన్సిస్ గ్రిఫిన్ తన చర్చి తలుపులు తెరవడం, తల్లిదండ్రులు భయపడుతూనే పిల్లల వెనక నిలబడటం, అన్నీ ఆ దగ్గరితనం నుంచి వచ్చినవే. కానీ ఆ బలాన్ని వాళ్లు దేనికి వాడారు? మొదట కోరింది తమకు వేరుగా ఒక మంచి భవనం. సహాయానికి వచ్చిన ఎన్‌ఏఏసీపీ లాయర్లు ఆలివర్ హిల్, స్పాట్స్‌వుడ్ రాబిన్సన్ ఒక షరతు పెట్టారు. మంచి వేరు బడి కోసమైతే వాదించం, వేరు చేయడాన్నే కొట్టేయమని అడిగితే వాదిస్తాం అన్నారు. పిల్లలూ పెద్దలూ చర్చి సభల్లో కూర్చుని ఆలోచించుకుని సరేనన్నారు. ఆ ఆత్మీయతను లోపలి నుంచి ఎరిగినవాళ్లు, వెలుపలికి దారి కోరుకున్నారు.

బార్బరా ప్రాణానికి ముప్పుందని ఇంట్లోవాళ్లు ఆమెను అలబామాలో ఉన్న ఆమె తండ్రి సోదరుడు వెర్నన్ జాన్స్ దగ్గరికి పంపేశారు. ఆ పిల్లల కేసు బ్రౌన్ తీర్పులో కలిసిన అయిదు కేసుల్లో ఒకటైంది. 1954 మే 17న సుప్రీంకోర్టు వేరు బడులు రాజ్యాంగ విరుద్ధమంది.

గోడ అసలు స్వభావం ఆ తర్వాత బయటపడింది. బడులు కలపక తప్పని రోజు వచ్చేసరికి, 1959లో, కౌంటీ పాలకులు ప్రభుత్వ బడులకు పైసా ఇవ్వకుండా అన్నిటికీ తాళం వేశారు. 1964 దాకా తెరవలేదు. తెల్లపిల్లలకు వెంటనే ప్రైవేటు అకాడమీ వెలిసింది. సుమారు 1,700 మంది నల్లపిల్లలు బడికి దూరమయ్యారు. కొందరిని దూరపు చుట్టాల ఇళ్లకు పంపారు, కొందరు పొలాల్లో పనికి పోయారు, కొందరు మళ్లీ పుస్తకం పట్టనేలేదు. మధ్యలో తెల్లపెద్దలు నల్లపిల్లలకూ వేరుగా ఒక ప్రైవేటు బడి పెడతామన్నారు. దాదాపు ఎవరూ దరఖాస్తు పెట్టలేదు. వేరు బడిలోనే ఆనందం ఉందని వాదించేవాళ్లు ఈ ఒక్క సంగతికి సమాధానం చెప్పాలి.

“మరి కలిపాక వాళ్ల బడులు మూతపడలేదా, టీచర్లు రోడ్డున పడలేదా?” అంటారు. పడ్డారు. దక్షిణాది రాష్ట్రాల్లో వేలాది నల్లజాతి టీచర్లు, ప్రిన్సిపాళ్లు ఉద్యోగాలు కోల్పోయారు. తీసేసింది ఎవరు? తారు కాగితం షెడ్లు వేసినలాంటి బోర్డులే! గోడ కట్టినవాడి చేతికే కూల్చే కాంట్రాక్టు ఇస్తే ఇంటి దూలాలు కూడా పీక్కుపోతాడు. అందుకు నింద సమానత్వం మీద వేస్తారా?

అంబేద్కర్ 1946లో డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్‌కు ఉత్తరం రాసి, నల్లజాతివారు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న అర్జీ ప్రతి కావాలని అడిగారు. ఇద్దరి గోడలూ ఒకటి కాకపోయినా పోల్చి చూడాల్సినవని ఆయనకు తెలుసు. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో, ఊరిని ఆత్మీయతకు నిలయంగా పొగిడేవాళ్లను ఆయన నిలదీసిన తీరు మనకు తెలుసు. 2016 జనవరిలో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ హాస్టల్ నుంచి గెంటేసిన రోహిత్ వేముల, అతని నలుగురు సహచరులు తాము పడుకున్న చోటుకు వెలివాడ అని పేరు పెట్టారు. ఆ గుడారంలో ఎంత దగ్గరితనం ఉందో అక్కడ నిలబడినవాళ్లకు తెలుసు. అంతమాత్రాన వెలి మంచిదవుతుందా?

మా హాస్టల్లో రాత్రిళ్లు కూర్చోబెట్టి లెక్కలు చెప్పిన సీనియర్ అన్నల వల్లే నేను పదో తరగతి గట్టెక్కాను. వాళ్ల రుణం తీరేది కాదు. కానీ ఆ రుణం నీళ్లు రాని మరుగుదొడ్లకు, పురుగుల అన్నానికి చెందదు.

పరిశోధన చేస్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. వాడ ఆత్మీయత గురించి తప్పకుండా రాయండి, మనం రాయకపోతే ఎవరూ రాయరు. ఆ పేజీలోనే మంచినీళ్ల ట్యాంకు ఎక్కడుందో, బస్సు ఎక్కడ ఆగుతుందో, శ్మశానానికి దారి ఎవరి పొలం గుండా పోతుందో కూడా రాయండి. మా గురుకులాలను మెచ్చుకునే ప్రొఫెసర్లకు ఒక ప్రశ్న. మీ డిపార్ట్‌మెంటులో మావాళ్లు ఎందరు పాఠం చెబుతున్నారు? మాకు లోపలికి రానివ్వడం ఒక్కటే చాలదు. మా పిల్లలతో పాటు మా టీచర్లూ రావాలి, ఏ బడి ఉండాలో ఏది మూయాలో తేల్చే బల్ల దగ్గర మాకూ కుర్చీ ఉండాలి. ఫార్మ్‌విల్ పిల్లలకు దక్కనిది అదే. మనం అడగాల్సిందీ అదే.