చెమటోడ్చే ముందు... నాడి పట్టండి!

పొద్దున్నే ఏ పార్కుకు వెళ్లినా రెండు రకాల వాళ్లు కనిపిస్తారు. చేతి వాచీలో గుండె వేగం 120 దాటగానే బ్రేకు వేసినట్టు నెమ్మదించేవారు కొందరు. అంతకు మించితే కొవ్వు కరగదట! రొప్పుతూ, రోజుతూ పరుగులు తీసేవారు ఇంకొందరు. గుండె దడదడలాడితేనే పొట్ట తగ్గుతుందన్నది వీరి నమ్మకం. ఇద్దరి మాటల్లోనూ సగమే నిజం.

నెమ్మదిగా నడిచేటప్పుడు ఒంటికి కావలసిన ఇంధనంలో ఎక్కువ వాటా కొవ్వు నుంచే వస్తుంది. వేగం పెరిగేకొద్దీ పిండిపదార్థాల వాటా పెరుగుతుంది. ట్రెడ్‌మిల్ మీద కనిపించే 'ఫ్యాట్ బర్నింగ్ జోన్' పట్టిక పుట్టింది ఇక్కడే. కానీ వాటా వేరు, మొత్తం వేరు.

70 కిలోల మనిషి అరగంట చురుగ్గా నడిస్తే సుమారు 150 కేలరీలు ఖర్చవుతాయి. అదే అరగంట నిదానంగా పరుగెత్తితే 240 దాకా అవుతాయి. నడకలో సగం, పరుగులో 40 శాతం కొవ్వు నుంచి వచ్చాయనుకుందాం. నడకలో 75, పరుగులో 96! వాటా తగ్గినా పరుగులోనే ఎక్కువ కరిగింది. అలాగని అందరూ పరుగెత్తనక్కర్లేదు. అరగంట పరుగెత్తలేనివారు హాయిగా గంట నడవగలరు. అప్పుడు ఖర్చు 300 కేలరీలు. చివరికి తేలేదేమిటంటే... వారం మొత్తమ్మీద ఎంత తిన్నాం, ఎంత ఖర్చుచేశాం అన్నదే కొవ్వును తగ్గించేది. నడిచొస్తూ దారిలో నాలుగు మిర్చి బజ్జీలు లాగిస్తే ఏ జోనూ కాపాడలేదు.

మీ గుండె వేగం ఎంత ఉండాలి?

220 లోంచి వయసు తీసేస్తే గుండె గరిష్ఠ వేగం వస్తుందన్నది అందరికీ తెలిసిన సూత్రం. 45 ఏళ్ల వారికి 175. అందులో 50 నుంచి 70 శాతం, అంటే నిమిషానికి 88 నుంచి 123 సార్లు కొట్టుకుంటుంటే అది ఓ మోస్తరు వ్యాయామం. 70 నుంచి 85 శాతమైతే కఠిన వ్యాయామం. అయితే ఇది సగటు లెక్క మాత్రమే. ఒకే వయసు వాళ్లిద్దరి మధ్య పది, ఇరవై తేడా ఉండొచ్చు. 2001లో పరిశోధకులు మరో సూత్రం చెప్పారు. వయసును 0.7తో గుణించి, 208 లోంచి తీసేయాలి. దీని ప్రకారం 60 ఏళ్ల వారి గరిష్ఠ వేగం 166. పాత లెక్కలో 160 మాత్రమే.

వాచీ లేకపోయినా ఫర్వాలేదు. మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు రెండు వేళ్లు ఆనించి 15 సెకన్లు లెక్కపెట్టి, నాలుగుతో గుణించండి. బొటనవేలితో మాత్రం చూడకండి. దానిలోనూ నాడి కొట్టుకుంటుంది కాబట్టి లెక్క తప్పుతుంది. ఇంకా తేలిక పద్ధతి... నడుస్తూ పక్కవారితో మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేకపోతే మీ వేగం సరిపోయినట్టే. నాలుగు మాటలకే ఊపిరి కోసం ఆగాల్సివస్తే అది కఠిన వ్యాయామం.

వీరి లెక్క వేరు

బీపీకో, గుండెజబ్బుకో అటెనలాల్, మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకర్లు వాడేవారిలో గుండె వేగం మందువల్లే తగ్గి ఉంటుంది. పట్టికలోని అంకెను అందుకోవాలని వీళ్లు పరుగులు తీస్తే ప్రమాదం. వీరికి మాటల పరీక్షే మేలు. ఇన్సులిన్ తీసుకునేవారికి వ్యాయామంలో చక్కెర పడిపోవచ్చు కాబట్టి ముందే డాక్టరును అడగాలి. ఛాతీ బిగబట్టినట్టున్నా, నొప్పి ఎడమచేతికో దవడకో పాకినా, కళ్లు తిరిగినా, చల్లటి చెమటలు పట్టినా 'ఇంకో రౌండు' అనుకోకుండా అక్కడే ఆగిపోవాలి. తగ్గుతుందిలే అని ఎదురుచూడకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు వ్యాయామం లేదా 75 నిమిషాల కఠిన వ్యాయామం చేయాలని, దానికితోడు రెండు రోజులు కండరాలకు పనిచెప్పే కసరత్తులు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు నడిస్తే సరిపోయే లెక్కే ఇది. మొదటి వారం పది నిమిషాలతో మొదలెట్టినా తప్పులేదు. రేపు కూడా చేయగలిగేంత వేగమే ఇవాళ మీకు సరైన వేగం!