క్రిస్మసు విందు: ఇంటివంట యెవరి బాధ్యత?

ఏటేట డిసెంబరు మాసము వచ్చునప్పటికి మా బరంపురపు తెలుగు క్రైస్తవ గృహములలో ఒక వివాదము తలయెత్తుచున్నది. పండుగనాటి విందు ఇంట వండుటయా, హోటలునుండి తెప్పించుటయా? యువకులు హోటలు పక్షము. వృద్ధులు ఇంటి పక్షము. మేము ఇంటి పక్షమువారమే. కాని మా పక్షమువారి నడవడియే పండుగను హోటలు వాకిటికి నెట్టుచున్నదని చెప్పుటకే ఈ వ్యాసమును వ్రాయుచున్నాము. తెలుగు సోదరులు నిష్ఠురముగా భావింపక చదువుదురు గాక.

ముందుగా హోటలు పక్షమును విచారింతము. “నాలుగు పొట్లములు తెప్పించినచో గంటలో పని తీరును, మూడు దినములు వంటింట మ్రగ్గుట యెందులకు?” అని వారందురు. పొట్లములో పలావు వచ్చుననుట నిజమే. రానిది మరియొకటి కలదు. 1936 ఏప్రిల్ 1న మా బరంపురము మద్రాసు రాజధానినుండి విడివడి, కొత్తగా ఏర్పడిన ఒరిస్సాలో చేరినది. తరములు గడచిన కొలది మన పిల్లలకు బడిలో ఇతర భాషలే ముఖ్యములైనవి. వారిలో అనేకులకు తెలుగు చదువనే రాదు. వారికి మిగిలిన తెలుగు పాఠశాల వంటిల్లే. అరిసెలకు పాకము పట్టుచు నాయనమ్మ “ఇంకా లేతగా ఉందే, నీళ్లలో వేసి చూడు, ఉండ కడితే దించు” అనునప్పుడు మనుమరాలు నేర్చుకొను తెలుగు యే వాచకమునను లేదు. పాకము, చలిమిడి, ఎసరు, పోపు, లేత, ముదురు - ఈ మాటలను పొట్లము కట్టి అమ్మువారు లేరు.

మరికొందరు “క్రిస్మసు విందనగా కాల్చిన టర్కీ కోడియు, ప్లమ్ పుడ్డింగును ఉండవలెను, అరిసెలు సంక్రాంతివి గదా!” అందురు. ఇది వట్టి భ్రమ. టర్కీ కోడి ఇంగ్లండు పక్షియే కాదు. అమెరికా ఖండమునుండి పదునారవ శతాబ్దమున అచ్చటికి చేరినది. ప్లమ్ పుడ్డింగులో ప్రధానమైనవి ఎండుద్రాక్షలు. పూర్వము వానినే ప్లమ్ములని పిలిచెడివారు. అందు పడు జాజికాయ, లవంగము తూర్పు దీవులనుండి ఓడలలో పోయినవి. తమకు దొరికిన దినుసులను తమ యింట వండుకొని వారు దానిని సంప్రదాయమనిరి. కొత్త బియ్యము, కొత్త బెల్లము దొరకు కాలమున మన అవ్వలు అరిసెలు వండి దానిని సంప్రదాయమనిరి. ఇందు ఎక్కువ తక్కువ లేమున్నవి? 1833లో కటకమున బాప్తిస్మము పొందిన పురుషోత్తమ చౌదరిగారు క్రీస్తు భక్తిని తెలుగు కీర్తనలుగా రచించిరి. నేటికిని వానిని మన దేవాలయములలో పాడుచున్నాము. పాటకు తెలుగు తగినప్పుడు పళ్లెమునకు తగదా?

ఇక మా పక్షమువారి సంగతి. “ఇంటివంట మన సంప్రదాయము” అని ముందుగదిలో కూర్చుండి ఉపన్యసించు పెద్దలలో ఎందరు ఒక్క ఉల్లిపాయను ఒలిచిరి? ఈ ప్రశ్న ఇతరులకు మాత్రమే కాదు. ముప్పదియేండ్లు మేమును అట్లే కూర్చుంటిమి. పండుగనాడు తెల్లవారుజామున కొత్తబట్టలు ధరించి పిల్లలతో చర్చికి బయలుదేరునప్పుడు మా గృహిణి “మీరు పదండి, మాంసం పొయ్యిమీద పెట్టి వెనకాలే వస్తాను” అనెడిది. వచ్చినది లేదు. మధ్యాహ్నము ఇరువదిమంది బంధువులు భుజించి, వంటను మెచ్చి, కునుకుపాట్లు పడునప్పుడు ఆమె గిన్నె అడుగున మిగిలినది తినెడిది.

కొన్ని సంవత్సరముల క్రిందట మా పెద్దకోడలు హోటలు మాట యెత్తగా మేము కోపించి సంప్రదాయమును గూర్చి పెద్దగా పలికితిమి. ఆమె నెమ్మదిగా, “మామయ్యగారూ, క్రిస్మసు ఆరాధనలో అత్తయ్యగారు మొదటి పాట నుంచి చివరి ఆశీర్వాదం దాకా కూర్చున్న సంవత్సరం ఒక్కటి చెప్పండి” అన్నది. కచేరీలో పాత దస్త్రములను తేదీలతో సహా చెప్పగలిగిన మేము ఆ ఒక్క సంవత్సరమును చెప్పలేకపోతిమి. హోటలును మా యింటికి పిలిచినది కోడలు కాదు, మా సోమరితనము. ఒక్కరి వెన్ను విరిచి నిలుపుకొను ఆచారమును సంప్రదాయమనుట ఆత్మవంచన.

కాబట్టి మా వాదమిది: విందు ఇంటనే వండవలెను, కాని పండుగ ఉదయమున ఎవ్వరును వంటింట బందీ కాగూడదు. ఇందులకు కావలసినది జాబితా. గుమాస్తా జీవితమున మేము నేర్చిన విద్య అదియొక్కటే. దానిని ఇంట వినియోగింపకుండుటయే మా నేరము.

రెండు వారములు ముందుగా అతిథులను లెక్కింపవలెను. ఇరువదిమందికి రెండున్నర కిలోల బియ్యము, నాలుగు కిలోల మాంసము చాలును. వారము ముందుగా అరిసెలు, జంతికలు, గవ్వలు ముగియవలెను. ఇవి పండుగ గడచినను పాడుకావు. అరిసెల బియ్యము ఒక దినము నానవలెను. తడిపిండి ఆరకమునుపే పాకమున కలుపవలెను. కిలో బియ్యమునకు ముప్పాతిక కిలో బెల్లము. బియ్యమును మరకు మోయుట, పిండి జల్లించుట, చలిమిడి కలియబెట్టుట, వేగిన అరిసెను రెండు గరిటెల నడుమ నొక్కి నూనె పిండుట - ఇవన్నియు భుజబలమును కోరు పనులు. మరి పురుషులు తమ భుజబలమును ఎందులకు దాచుకొనుచున్నారో తెలియదు!

మాంసమునకు రెండు దినములు ముందుగా దుకాణమున చెప్పవలెను. 24వ తేదీ సాయంకాలమునకు ఉల్లిపాయలు తరుగుట, అల్లము వెల్లుల్లి నూరుట తీరవలెను. కూర ఆ రాత్రియే వండి, చల్లారిన పిదప ఫ్రిజ్జులో ఉంచి, మరునాడు బాగుగ మరుగ కాచినచో రుచి హెచ్చునే కాని తగ్గదు. గారెల పిండియు రాత్రియే రుబ్బి అందే ఉంచవచ్చును. ఆరాధననుండి అందరును కలిసి వచ్చిన పిమ్మట ఒకరు పలావునకు ఎసరు పెట్టవలెను, ఒకరు గారెలు వేయవలెను, ఒకరు పెరుగుపచ్చడి కలుపవలెను. పిల్లలు కంచములు పరతురు. మా ఊరి అప్పడములు, ఊరగాయలు ఉండనే ఉన్నవి. గిన్నెలు తోముట గృహయజమాని వంతు. దీనిని జాబితాలో చివర గాక మొదట వ్రాయవలెను.

బయటివారి సాయము పాపమని మేము చెప్పుటలేదు. 1843లో వెలువడిన డికెన్సుగారి ‘ఎ క్రిస్మస్ కారల్’ కథలో పేద క్రాచిట్టు కుటుంబము బాతును రొట్టెలవాని పొయ్యిలో కాల్పించుకొనును. పుడ్డింగు మాత్రము బట్టలుడుకబెట్టు కాగులో ఇంటనే ఉడుకును. మనవారిలోను కేకు పిండిని ఇంట కలిపి బేకరీ పొయ్యికి పంపినవారు గలరు. బరువును పంచుకొనుట వేరు. బాధ్యతను అమ్మివేయుట వేరు. శక్తి చాలని ఇండ్లలో పలావు బయటనుండి రావచ్చును. అరిసెలు మాత్రము ఇంట వండుదురు గాక.

ఈ పద్ధతిని ఆచరణలో పెట్టిన మొదటి యేట మేము పట్టిన పాకము ముదిరి అరిసెలు రాళ్లయినవి. మనుమలు నవ్విరి, “ముదురు పాకం” అను మాట ఆనాటినుండి వారికి కంఠస్థము. కాని ఆ యుదయమున మా గృహిణి మొదటి కీర్తననుండి చివరి ఆశీర్వాదమువరకు స్త్రీల వరుసలో కూర్చుండినది. ఆ సంవత్సరమును మేమిక మరువము.

క్రైస్తవేతర సోదరులారా! మీ సంక్రాంతికిని, ఉగాదికిని ఈ మాటలే వర్తించును. పరరాష్ట్రమున తెలుగుతనము నిలుపుదమని సభలలో పలుకుదుము. ముందుగా వంటింట నిలుపుదము, నడుము బిగించి మనమును అందు ప్రవేశింతము.