పికప్ కాదు, పుల్లింగ్ చూడండి

మన కులదైవం యాత్రకు ఇకమీదట బస్సులు మాట్లాడుకోవడం మానేసి, అన్ని ఇళ్ళూ కలిసి ఒక క్యాంపర్ వ్యాన్ కొందామని, పెద్దవాళ్ళ కోసం దాని వెనక ఒక చిన్న కారవాన్ తగిలిద్దామని మాట నడుస్తోంది. మంచి మాటే. మోకాళ్ళ నొప్పులున్న అవ్వలకు దారిలో నడుం వాల్చే చోటు, శుభ్రమైన బాత్‌రూమ్ దొరికితే యాత్ర ఇంకో పదేళ్ళు సాగుతుంది. ఆ రెండూ లేకనే ఒక్కొక్కరే "ఈసారి మీరు పోయి రండి" అంటున్నారు. పెద్దవాళ్ళు రాకపోతే చిన్నవాళ్ళూ రారు. అలా ఆంధ్రలోని ఆ ఊరితో మనకున్న ఒక్క దారీ మూసుకుపోతుంది. కాబట్టి బండి విషయం చిన్నదేం కాదు. డబ్బు కూడా ఉమ్మడి డబ్బు.

అయితే కుర్రాళ్ళు పంపుతున్న లిస్టులన్నీ ఒకే ప్రశ్నతో మొదలవుతున్నాయి: ఎన్ని హార్స్‌పవర్? ఇది తప్పు ప్రశ్న అని మా అభిప్రాయం. వెనక టన్ను బరువు కట్టుకుని ఘాట్ ఎక్కి దిగే బండికి అడగాల్సిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. మన లారీ డ్రైవర్లు ఎప్పుడో ఈ రెండింటికీ వేరు వేరు మాటలు పెట్టుకున్నారు. ఖాళీ రోడ్డు మీద కాలు నొక్కగానే బండి దూకితే అది పికప్. లోడుతో చిన్న స్పీడులో, ఎత్తు మీద, ఇంజిన్ మూలగకుండా ఈడ్చుకుపోతే అది పుల్లింగ్. మనం డబ్బు పెట్టాల్సింది రెండోదానికి.

ఒకే బండిలో ఈ తేడా చూపిస్తాం. ఇన్నోవా క్రిస్టా కొన్నేళ్ళు రెండు ఇంజిన్లతో అమ్మారు. 2.7 లీటర్ల పెట్రోల్‌ది 166 పీఎస్, టార్క్ 245 న్యూటన్ మీటర్లు, అదీ 4,000 ఆర్‌పీఎం దగ్గర. 2.4 లీటర్ల డీజిల్‌ది 150 పీఎస్ మాత్రమే, కానీ మాన్యువల్ గేర్లలో టార్క్ 343, అదీ 1,400 నుంచే మొదలై 2,800 దాకా అలాగే ఉంటుంది. పీఎస్ అంటే మనం హార్స్‌పవర్ అనేదే అనుకోండి. కాగితం మీద పెట్రోల్‌ది పైచేయి. వెనక బరువు కట్టి హెయిర్‌పిన్ మలుపులో దాదాపు ఆగిపోయి మళ్ళీ కదలాల్సి వచ్చినప్పుడు, 4,000 ఆర్‌పీఎం దాకా ఎగదోస్తే గానీ పూర్తి బలం ఇవ్వని ఇంజిన్‌తో ఏం చేస్తాం? క్లచ్ మీద నిలబెట్టి రేస్ చేస్తాం. రెండు మూడు మలుపులకు క్లచ్ ప్లేట్ కాలిన వాసన మొదలవుతుంది.

కోయంబత్తూరు నుంచి సత్యమంగళం మీదుగా మైసూరు వెళ్ళేవాళ్ళకు దింబం ఘాట్ తెలుసు. 27 హెయిర్‌పిన్ మలుపులు. ఎదురుగా లోడు లారీ తిరుగుతుంటే మనం ఎత్తు మీద ఆగక తప్పదు. ఇంజిన్‌ను పరీక్ష పెట్టేది ఆ ఆగి కదిలే క్షణమే, బైపాస్ మీద వంద స్పీడు కాదు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. వ్యాన్ మనుషులతో, సామాన్లతో మూడున్నర టన్నులు, కారవాన్ ఒక టన్ను అనుకుందాం. మొత్తం 4,500 కిలోలు. పదిహేను అడుగులకు ఒక అడుగు లేచే ఎత్తు మీద, 4,500ను 15తో భాగిస్తే 300 కిలోల బరువు మనల్ని వెనక్కి లాగుతూ ఉంటుంది. టైర్ల రాపిడికి ఇంకో యాభై చిల్లర కలపండి. ఈ లాగుడును గెలిచి గంటకు 30 కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి చక్రాల దగ్గర కావలసింది ఎంతో తెలుసా? సుమారు 40 హార్స్‌పవర్. 60 వేగానికి ఎక్కాలన్నా 80 చాలు. అంటే ఇవ్వాళ మార్కెట్లో ఉన్న ఏ వ్యాన్‌కైనా ఆ మాత్రం పవర్ ఉంది. 160, 200 అని కొట్లాడుకోవడం అంతా ఘాట్‌లో మనం ఎలాగూ వెళ్ళని వేగం కోసమే.

మరి ఏ ఇంజిన్? దానికి ముందు ఒక విషయం తేల్చుకోవాలి. కదులుతున్న కారవాన్‌లో ఎవ్వరూ కూర్చోకూడదు, పడుకోకూడదు. "అవ్వను వెనక మంచం మీద పడుకోబెట్టి తీసుకుపోదాం" అని ఇద్దరు ముగ్గురు అంటున్నారు. వద్దే వద్దు. కారవాన్ ఒక కొక్కెం మీద వేలాడే పెట్టె. లోపల సీటు బెల్టు ఉండదు, డ్రైవర్‌ను పిలిచే వీలుండదు, అది ఊగడం మొదలుపెడితే లోపలివాళ్ళను కాపాడే దారి లేదు. బండి ఆగాక అది ఇల్లు. బండి కదిలితే అది సామాను. కాబట్టి వచ్చేవాళ్ళందరికీ వ్యాన్‌లోనే సీటు, బెల్టు ఉండాలి.

ఈ ఒక్క షరతుతో లిస్టులో సగం బండ్లు పోతాయి. టయోటా హైలక్స్ ఇంజిన్‌కు వంక పెట్టలేం: 2.8 లీటర్లు, 204 పీఎస్, మాన్యువల్‌లో 420 న్యూటన్ మీటర్లు 1,400 నుంచే. ఇసుజు వీ-క్రాస్ 1.9 కూడా 163 పీఎస్, 360 న్యూటన్ మీటర్లు ఇస్తుంది. కానీ రెండూ ఐదు సీట్ల పికప్ ట్రక్కులే. మనవాళ్ళు ఐదుగురు ఎప్పుడు కదిలారు గనక?

అందుకే మా ఓటు ఫోర్స్ ట్రావెలర్‌లో ఉండే 2.6 లీటర్ల టర్బో డీజిల్‌కు. సుమారు 115 పీఎస్. కుర్రాళ్ళు ముఖం చిట్లించేది ఈ అంకెకే. పక్క అంకె చూడండి: 350 న్యూటన్ మీటర్లు, 1,400 నుంచి 2,200 దాకా. ఇసుజుతో పోలిస్తే టార్క్ దాదాపు సమానం, కానీ ఇసుజు పూర్తి టార్క్ 2,000 దగ్గర మొదలవుతుంది. ఇది ఆరువందల ఆర్‌పీఎం ముందే అందుకుంటుంది. మలుపులో ఆగి కదిలేటప్పుడు ఆ ఆరువందలే మన క్లచ్‌ను కాపాడతాయి.

ఈ ఇంజిన్ మనకు కొత్త కూడా కాదు. కంపెనీకి బజాజ్ టెంపో అని పేరున్న రోజుల్లో మెర్సిడిస్ వాళ్ళ ఓఎం 616 డీజిల్‌ను లైసెన్స్ మీద ఇక్కడ తయారుచేశారు. ఆ వంశంలో పెరిగి, కామన్ రైల్ అయ్యి, టర్బో తగిలించుకున్నదే నేటి 2.6. 2005లో కంపెనీ పేరు ఫోర్స్ మోటార్స్ అయింది. మన పెళ్ళిళ్ళకు మెటడార్‌లు తిరిగిన కాలం గుర్తున్నవాళ్ళు ఆ ఇంటిపేరు ఇట్టే పోలుస్తారు. పాతదని మెచ్చుకోవడం కాదు. కోయంబత్తూరులో దొరికే మెకానిక్ చిత్తూరులోనూ, కడపలోనూ దొరకాలి. స్కూలు వ్యాన్లకు, టూరిస్టు బండ్లకు ఊరూరా తిరిగే ఇంజిన్ అయితేనే అది కుదురుతుంది. 1920లో జి.డి. నాయుడు గారు పొల్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో రవాణా మొదలుపెట్టిన ప్రాంతం మనది. దారిలో బాగుచేసుకోలేని బండి ఎంత గొప్పదైనా దండగ అని మన పెద్దలకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు.

దీనికి లోపాలు లేవా అంటే ఉన్నాయి. హైవే మీద ఓవర్‌టేక్‌కు ఓపిక కావాలి. చప్పుడు ఎక్కువ. పైగా బీఎస్ 6 డీజిల్ కాబట్టి సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడు హైవే మీద వేడిగా, నిలకడగా పరుగెత్తాలి. నెలల తరబడి షెడ్డులో నిలబెట్టి, వారానికోసారి వాకిట్లో స్టార్ట్ చేసి ఆపేస్తే అది మూసుకుపోతుంది. ఆగిన చోట ఏసీ కోసం గంటలు గంటలు ఇంజిన్ నడపడం కూడా అంతే చేటు. వేరే బ్యాటరీ పెట్టించుకోవడమే మేలు.

ఇక అసలు మాట. ఎక్కడం గురించే అందరూ మాట్లాడుతున్నారు, దిగడం గురించి ఒక్కరూ అడగడం లేదు. మన దారిలో సేలం దాటాక తొప్పూర్ ఘాట్ ఉంది. పోయేటప్పుడు అది ఎక్కుడు. తిరిగి వచ్చేటప్పుడు, ధర్మపురి వైపు నుంచి సేలానికి, అది దిగుడు. ఆ దిగుడులో ఎన్ని ప్రమాదాలు జరిగాయో తమిళనాడులో పేపర్ చదివే ప్రతి ఇంటికీ తెలుసు. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలి, బ్రేకుల మీదే భారం వేసే లోడు బండ్లు అక్కడ అదుపు తప్పుతుంటాయి.

ఎందుకో లెక్కే చెబుతుంది. ఊటీ ఎత్తు సుమారు 2,240 మీటర్లు. అక్కడి నుంచి మేట్టుపాళయం దాకా దాదాపు 1,900 మీటర్లు దిగాలి. మన 4,500 కిలోల బండి ఆ ఎత్తు దిగితే వదిలే శక్తి 23 యూనిట్ల కరెంటుతో సమానం. గాలి, టైర్ల రాపిడి కొంత తీసుకున్నాక మిగిలిందంతా ఎక్కడో ఒకచోట వేడిగా మారాల్సిందే. ఒక్క బ్రేకుల్లోనే మారితే లైనింగ్ కాలుతుంది, బ్రేక్ నూనె మరుగుతుంది, పెడల్ మెత్తగా లోపలికి పోతుంది. ఆ తర్వాత దేవుడే దిక్కు. ఊటీకి కారవాన్ తీసుకుపొమ్మని చెప్పడం లేదు. దిగుడులో దాక్కున్న శక్తి ఎంతో చూపించడానికి చెప్పాం.

ఎక్కిన గేరులోనే దిగు అని పాత డ్రైవర్లు చెప్పే మాట ఇందుకే. చిన్న గేరులో ఇంజిన్ బండిని వెనక్కి పట్టుకుంటుంది. కాబట్టి ఇంజిన్ ఎంచుకునేటప్పుడు "ఎంత లాగుతుంది" అని ఒకసారి అడిగితే "ఎంత పట్టుకుంటుంది" అని రెండుసార్లు అడగాలి. టెస్ట్ డ్రైవ్ షోరూమ్ ముందు రోడ్డు మీద కాదు, ఏదైనా దిగుడులో, మనుషుల్ని నింపుకుని చెయ్యాలి. రెండో గేరులో కాలు తీసేస్తే వేగం నిలకడగా ఉందా, పెరుగుతోందా చూడాలి. అలాగే కారవాన్‌కు సొంత బ్రేకులు లేకపోతే వద్దు. ఐరోపాలో 750 కిలోలు దాటిన ట్రెయిలర్‌కు సొంత బ్రేకు తప్పనిసరి. మనం చట్టం కోసం కాకపోయినా ప్రాణం కోసం ఆ హద్దు పాటించాలి. కొక్కెం మీద పడే బరువు కారవాన్ బరువులో 5 నుంచి 7 శాతం ఉండాలి. మరీ తక్కువైతే వెనక పెట్టె తోకలా ఊగుతుంది. నీళ్ళ ట్యాంకు 200 లీటర్లంటే 200 కిలోలు. బయల్దేరేటప్పుడు సగమే నింపండి.

ఈ మాటలు మన దారికే. ఇది చదివే వేరే ఊళ్ళ తెలుగువాళ్ళు తమ దారి చూసి లెక్క వేసుకోవాలి. యానాం వాళ్ళది గోదావరి డెల్టా, బరంపురం నుంచి సింహాచలం వచ్చేవాళ్ళది కోస్తా హైవే. వాళ్ళకు ఇంత టార్క్ అక్కర్లేదు, తేలికపాటి ఇంజిన్ చాలు. హోసూరు, బళ్ళారి వాళ్ళు ఏ ఘాట్ దాటాలో ముందు రాసుకుని తర్వాత షోరూమ్‌కు వెళ్ళండి.

ఒక షరతు మాత్రం అందరికీ ఒకటే. బండి ఎంత బరువు లాగవచ్చో కంపెనీ రాతపూర్వకంగా చెప్పాలి. హ్యాండ్‌బుక్‌లో లేకపోతే, అడిగినా రాసివ్వకపోతే, ఆ బండి లాగే బరువు సున్నా అనుకోండి. వెల్డింగ్ షాపులో కొక్కెం బిగించడం ఎవరైనా చేస్తారు. ఛాసీ పగిలితే పూచీ ఎవరూ పడరు. ట్రెయిలర్‌కు విడిగా రిజిస్ట్రేషన్ కావాలి, వ్యాన్‌ను క్యాంపర్‌గా మారిస్తే ఆ మార్పు ఆర్‌సీలో ఎక్కాలి. అవి లేకుండా ఇన్సూరెన్స్ కాగితానికి విలువ లేదు.

కాబట్టి మా సలహా ఇది. వచ్చే కూటానికి వచ్చేవాళ్ళు బండి ఫోటోలు కాదు, నాలుగు అంకెలు తీసుకురండి: పూర్తి టార్క్ ఎన్ని ఆర్‌పీఎం దగ్గర మొదలవుతుంది, బెల్టుతో సహా సీట్లు ఎన్ని, కంపెనీ రాసిచ్చిన లాగుడు బరువు ఎంత, కారవాన్ నిండా సర్దాక ఎంత తూగుతుంది. మూడో అంకె నాలుగోదానికంటే చిన్నదైతే కారవాన్ ఆలోచన ఈ ఏటికి మానేద్దాం. వ్యాన్ ఒక్కటే కొని, పెద్దవాళ్ళకు దారిలో గదులు మాట్లాడదాం. యాత్ర ఆగకూడదు, అంతే. దానికోసం ఘాట్‌లో పందెం కట్టనక్కర్లేదు.